ఒకే టీమ్‌లో ముగ్గురు లైన్‌బ్యాకర్లు: అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఒక కెరీర్ ఎలా లెక్కకట్టాలి?

2020 జనవరి 14న కరోలినా పాంథర్స్ టీమ్ ఒక వీడియో విడుదల చేసింది. అందులో లైన్‌బ్యాకర్ లూక్ కీక్లీ తాను ఆట మానేస్తున్నానని చెప్పాడు. అప్పటికి అతని వయసు 28. అంతకుముందు రెండు సీజన్లలో ఒక్క మ్యాచ్ కూడా వదల్లేదు. కాంట్రాక్టు ఇంకా రెండేళ్లు ఉంది. ఎనిమిది సీజన్లలో ఏడుసార్లు, లీగ్‌లో మేటి ఆటగాళ్లకు దక్కే ప్రో బౌల్‌కి ఎంపికైనవాడు. టీమ్ అతన్ని పొమ్మనలేదు, ఫామ్ పోలేదు, కాలూ చెయ్యీ బాగానే ఉన్నాయి. వేగంగా, గట్టిగా ఆడటం ఒక్కటే తనకు తెలిసిన పద్ధతని, ఇకమీదట అలా ఆడగలనన్న నమ్మకం లేదని చెబుతుంటే గొంతు పూడుకుపోయింది.

చాలామంది చదివిన వార్త అంతే. కానీ అమెరికన్ ఫుట్‌బాల్ పెద్ద లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో లైన్‌బ్యాకర్ కెరీర్ ఎలా నడుస్తుందో తెలియకపోతే ఈ నిర్ణయం అర్థం కాదు. డబ్బు కోసం ఆడేవాడు కోట్ల డాలర్లు వదులుకుని ఎందుకు వెళ్తాడు? అసలు ఆ కోట్లలో నిజంగా చేతికొచ్చేది ఎంత? పాంథర్స్‌లోనే కీక్లీ పక్కన ఇంకో ఇద్దరు లైన్‌బ్యాకర్లు ఉండేవాళ్లు, జాన్ బీసన్, థామస్ డేవిస్. ఒకరి కథను కాంట్రాక్టు నడిపింది, ఒకరి కథను మోకాలు నడిపింది, కీక్లీ కథను తల నడిపింది. ముగ్గురినీ పక్కపక్కన పెట్టి చూస్తే చాలా చిక్కుముడులు విడిపోతాయి.

ముందు పని ఏమిటో చూద్దాం. బంతి ఉన్న టీమ్‌కి నాలుగు ప్రయత్నాలు, వాటిలో పది గజాలు ముందుకెళ్లాలి. ఆపాల్సినవాళ్లు పదకొండు మంది. ముందు వరుసలో నూట ముప్పై, నూట నలభై కిలోల మనుషులు. బాగా వెనకాల, పాస్‌లను అడ్డుకునే సన్నటి, చురుకైన మనుషులు. ఈ రెండు వరుసల మధ్య నిలబడేవాడు లైన్‌బ్యాకర్. బంతి పట్టుకుని మధ్యలోంచి దూసుకొచ్చేవాణ్ణి ఎదురెళ్లి పడగొట్టాలి. అదే పాస్ అయితే వెనక్కి పరిగెత్తి, తనకంటే తేలికైన ఆటగాడిని వెంటాడాలి. రెండింటికీ సరిపోయే ఒళ్లు ఉండాలి. కీక్లీ ఎత్తు ఆరడుగుల మూడంగుళాలు, బరువు సుమారు 108 కిలోలు.

ఒళ్లు మాత్రమే ఉంటే సరిపోదు. ఒక ప్లే, అంటే ఒక ప్రయత్నం, అయిపోగానే 40 సెకన్ల గడియారం తిరగడం మొదలవుతుంది. డిఫెన్స్‌లో ఒకే ఒక్కడి హెల్మెట్‌లో చిన్న స్పీకర్ ఉంటుంది, గుర్తుగా హెల్మెట్ వెనక ఒక ఆకుపచ్చ చుక్క. 2008లో ఈ ఏర్పాటు వచ్చింది. ఆ చుక్క సాధారణంగా మధ్యలో నిలబడే లైన్‌బ్యాకర్‌దే. కోచ్ చెప్పిన మాట అతని చెవిలో పడుతుంది, అతను దాన్ని మిగతా పదిమందికీ అరిచి చెప్పాలి. గడియారంలో 15 సెకన్లు మిగలగానే రేడియో ఆగిపోతుంది. అక్కడినుంచి అతనే కోచ్.

ఆ పదిహేను సెకన్లలో అతను చూసేవి చిన్న చిన్న విషయాలు. ఎదుటి టీమ్ ముందు వరుసలో వంగి నిలబడిన గార్డ్ నేల మీద ఆనించిన చేతి మీద బరువు ఎక్కువ వేశాడా? అయితే ముందుకు దూకబోతున్నాడు, అంటే రన్ కావచ్చు. చెయ్యి తేలిగ్గా ఆనించి, బరువు మడమల మీద పెట్టాడా? పాస్ కోసం వెనక్కి జరగబోతున్నాడు. బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్, పాస్‌లు విసిరే క్వార్టర్‌బ్యాక్‌కి ఏ పక్కన నిలబడ్డాడు? ఆఖరి క్షణంలో ఒకడు ఈ చివర నుంచి ఆ చివరకి ఎందుకు నడిచాడు? ఇవన్నీ చూసి తనవాళ్లను అటూ ఇటూ జరుపుతాడు. ఎదుటి క్వార్టర్‌బ్యాక్ అది గమనించి తన ప్లే మారుస్తాడు. లైన్‌బ్యాకర్ మళ్లీ మారుస్తాడు. బంతి కదిలాక ఆలోచించడానికి టైం ఉండదు. గార్డ్ మొదటి అడుగు చూసి తన మొదటి అడుగు వేయాలి, ఆ అడుగే తనను బోల్తా కొట్టించడానికి వేసింది కావచ్చు.

ఈ చదువులో కీక్లీని మించినవాడు అతని తరంలో లేడని నా అభిప్రాయం. ప్రత్యర్థి ఏ ప్లే వేయబోతున్నాడో ముందే అరిచి చెప్పడం మైకుల్లో వినిపించేది. వారమంతా వీడియోలు చూసి కంఠతా పట్టిన ఫలితం అది. 2012లో లీగ్‌కి వచ్చిన ఏడాదే 164 ట్యాకిల్స్ (బంతి ఉన్నవాణ్ణి పడగొట్టడం) చేసి అందరికంటే ముందున్నాడు, ఉత్తమ కొత్త డిఫెన్సివ్ ఆటగాడి అవార్డు గెలిచాడు. మరుసటి ఏడాది మొత్తం లీగ్‌కే ఉత్తమ డిఫెన్సివ్ ఆటగాడు. 2013 డిసెంబర్ 22న న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ మీద ఒక్క మ్యాచ్‌లో అతని ఖాతాలో 24 ట్యాకిల్స్ వేశారు. (ట్యాకిల్ ఎవరి ఖాతాలో వేయాలన్నది లెక్క రాసేవాళ్ల చేతిలో ఉంటుంది, అందుకే ఈ అంకెలను మరీ గుడ్డిగా నమ్మనక్కర్లేదు. కానీ 24 అంటే 24.)

పేరు ఒకటే, ఉద్యోగాలు రెండు

వార్తల్లో జీతాలు చూసేవాళ్లకి ఇక్కడో పెద్ద తికమక ఉంది. లైన్‌బ్యాకర్ అనే పేరు కింద రెండు వేర్వేరు పనులున్నాయి. కీక్లీలా మధ్యలో కాస్త వెనక్కి నిలబడి ఆటను చదివేవాడు ఒకడు. లైన్ చివర నిలబడి, బంతి కదలగానే క్వార్టర్‌బ్యాక్ మీదకి ఉరికేవాడు ఇంకొకడు. రెండోవాడిని అవుట్‌సైడ్ లైన్‌బ్యాకర్ అంటారు, ఈ మధ్య ఎక్కువగా ఎడ్జ్ రషర్ అంటున్నారు. మొదటివాడి గొప్పతనం టీవీలో కనపడదు. రెండోవాడు క్వార్టర్‌బ్యాక్‌ని పడగొడితే స్టేడియం లేచి నిలబడుతుంది.

ఈ తేడా 2016 ఫిబ్రవరి 7న జరిగిన 50వ సూపర్ బౌల్‌లో, అంటే లీగ్ ఫైనల్లో, స్పష్టంగా కనిపించింది. పాంథర్స్ ఆ ఏడాది లీగ్ దశలో పదహారు మ్యాచ్‌ల్లో పదిహేను గెలిచి వచ్చారు. సూపర్ బౌల్‌కి ముందు ఆడిన రెండు ప్లేఆఫ్ మ్యాచ్‌ల్లోనూ కీక్లీ ప్రత్యర్థి వేసిన పాస్‌ని పట్టుకుని, చివరి గీత దాటి నేరుగా టచ్‌డౌన్‌కి పరిగెత్తాడు. ఫైనల్లో ఎదురుగా డెన్వర్ బ్రాంకోస్. వాళ్ల అవుట్‌సైడ్ లైన్‌బ్యాకర్ వాన్ మిల్లర్ పాంథర్స్ క్వార్టర్‌బ్యాక్ కామ్ న్యూటన్ చేతిలోంచి రెండుసార్లు బంతి ఊడగొట్టాడు. మొదటిసారి అది నేరుగా టచ్‌డౌన్ అయింది, రెండోసారి టచ్‌డౌన్‌కి దారి తీసింది. డెన్వర్ 24–10తో గెలిచింది, మిల్లర్ ఆ మ్యాచ్ అత్యుత్తమ ఆటగాడు. అయిదు నెలలకే అతనికి ఆరేళ్లకు 11.45 కోట్ల డాలర్ల కాంట్రాక్టు వచ్చింది. అంతకుముందు సెప్టెంబర్‌లో కీక్లీ అయిదేళ్లకు సంతకం చేసింది సుమారు 6.2 కోట్ల డాలర్లకు. అప్పట్లో మధ్య లైన్‌బ్యాకర్లకు అది తిరుగులేని ధర. ఏడాదికి వేసి చూస్తే మిల్లర్ కంటే మూడోవంతు తక్కువ.

ఆ తర్వాత ఈ దూరం ఇంకా పెరిగింది. ఇప్పుడు లీగ్‌లో పాస్‌ల జోరు ఎక్కువ. పాస్‌లను ఆపడానికి టీమ్‌లు ఒక లైన్‌బ్యాకర్‌ని బెంచ్ మీద కూర్చోబెట్టి వెనకాల అయిదో డిఫెండర్‌ని దింపుతాయి. ఒకప్పుడు అప్పుడప్పుడూ వేసే ఎత్తు ఇప్పుడు సగానికి పైగా ప్లేలలో మామూలు అమరిక. ముగ్గురు ఆడే చోట ఇద్దరు మిగిలారు. మిగిలిన ఇద్దరి మీద పని పెరిగింది, ధర మాత్రం ఎడ్జ్ రషర్ స్థాయికి చేరలేదు.

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో ఉన్న తెలుగు కుటుంబాలకు మైకా పార్సన్స్ పేరు కొత్త కాదు. ఇంట్లో పెద్దాయన క్రికెట్ తప్ప ఇంకేమీ చూడకపోయినా, అక్కడే పుట్టిన పిల్లాడు కౌబాయ్స్ జెర్సీ వేసుకుని తిరుగుతుంటాడు. పార్సన్స్ 2021లో లైన్‌బ్యాకర్‌గానే వచ్చాడు. మొదట్లో మధ్యలో కూడా ఆడాడు. అతను ఉరికితే ఆపేవాడు లేడని తేలాక చివరకి జరిపారు. 2025 ఆగస్టు 28న కౌబాయ్స్ అతన్ని గ్రీన్ బే ప్యాకర్స్‌కి ఇచ్చేసింది, ప్యాకర్స్ నాలుగేళ్లకు 18.8 కోట్ల డాలర్లు రాసిచ్చారు. అంటే ఏడాదికి 4.7 కోట్లు. అదే ఏడాది మే నెలలో శాన్ ఫ్రాన్సిస్కో ఫోర్టీ నైనర్స్ ఫ్రెడ్ వార్నర్‌కి మూడేళ్లకు 6.3 కోట్ల పొడిగింపు ఇచ్చి మధ్య లైన్‌బ్యాకర్లలో అతన్ని అగ్రస్థానంలో నిలబెట్టింది. ఏడాదికి 2.1 కోట్లు. పార్సన్స్ మధ్యలోనే ఉండిపోయి ఉంటే అతని బేరం కూడా ఈ అంకె దగ్గరే మొదలయ్యేది.

బీసన్: కాగితం మీద అయిదు కోట్లు

జీతం లెక్క అర్థం కావాలంటే ఆటగాడు లీగ్‌లోకి ఎలా వస్తాడో తెలియాలి. ఇది ఐపీఎల్ వేలం లాంటిది కాదు. ఇక్కడ బేరం లేదు. కాలేజీ నుంచి వచ్చే కుర్రాళ్లను ఏడు రౌండ్లలో టీమ్‌లు వరుసగా ఎంచుకుంటాయి, కిందటేడు అట్టడుగున ఉన్న టీమ్‌కి మొదటి అవకాశం. ఎన్నో స్థానంలో ఎంపికయ్యావన్నదాన్ని బట్టి జీతం దాదాపు ముందే ఖరారు. 2011లో టీమ్‌లకీ ఆటగాళ్ల సంఘానికీ కుదిరిన ఒప్పందం ఈ కొత్తవాళ్ల జీతాలను అమాంతం కోసేసింది. 2010లో మొదటి స్థానంలో ఎంపికైన సామ్ బ్రాడ్‌ఫర్డ్‌కి ఆరేళ్లకు 7.8 కోట్ల డాలర్ల కాంట్రాక్టు. ఒక్క ఏడాది ఆలస్యంగా అదే మొదటి స్థానంలో వచ్చిన కామ్ న్యూటన్‌కి నాలుగేళ్లకు 2.2 కోట్లు.

కీక్లీ బోస్టన్ కాలేజీ నుంచి 2012లో తొమ్మిదో స్థానంలో వచ్చాడు. నాలుగేళ్లకు సుమారు 1.26 కోట్లు. ఉత్తమ డిఫెన్సివ్ ఆటగాడిగా నిలిచిన ఏడాది కూడా అతనికి దక్కింది ఆ మొదటి కాంట్రాక్టు జీతమే. మూడు సీజన్లు పూర్తయ్యేదాకా కొత్త బేరం మాట్లాడటానికే వీల్లేదు. మొదటి రౌండ్‌లో వచ్చినవాళ్లను టీమ్ తన ఇష్టప్రకారం అయిదో ఏడు కూడా అట్టిపెట్టుకోవచ్చు. ఒంట్లో సత్తా నిండుగా ఉన్న ఏళ్లన్నీ ఇలా చౌకగా పోతాయి. అసలు ధర మాట్లాడుకునే సమయానికి లైన్‌బ్యాకర్ ఒళ్లు అప్పటికే కొన్ని వేల దెబ్బలు తిని ఉంటుంది.

జాన్ బీసన్ పాత పద్ధతిలో వచ్చినవాడు. 2007లో 25వ స్థానంలో పాంథర్స్‌కి వచ్చాడు, 2008 నుంచి వరుసగా మూడేళ్లు ప్రో బౌల్. 2011 జులైలో టీమ్ అతనితో అయిదేళ్లకు 5 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. ఆ స్థానంలో ఆడేవాళ్లలో అప్పటికి అదే పెద్దది. రెండు నెలలు కూడా తిరగకుండా, సీజన్ మొదటి మ్యాచ్‌లోనే మడమ పైన ఉండే అకిలీస్ స్నాయువు తెగింది. ఆ ఏడాది ఆట అక్కడితో సరి. 2012లో తిరిగొస్తే మోకాలు, భుజం. నాలుగు మ్యాచ్‌లకే మళ్లీ బయట. మధ్యలో ఖాళీ అయిన చోటుకి టీమ్ పక్కన ఆడుతున్న కొత్త కుర్రాణ్ణి జరిపింది. ఆ కుర్రాడే కీక్లీ. మరుసటేడు వసంతంలో బీసన్ జీతం తగ్గించుకోవడానికి ఒప్పుకున్నాడు, అక్టోబర్‌లో టీమ్ అతన్ని చివరి రౌండ్ ఎంపిక ఒకదానికి న్యూయార్క్ జెయింట్స్‌కి పంపేసింది.

మరి ఆ అయిదు కోట్లు? ఎన్‌ఎఫ్‌ఎల్ కాంట్రాక్టులో పెద్దక్షరాల్లో కనిపించే మొత్తం చాలావరకు ఉత్తుత్తిదే. అసలైనవి రెండే: సంతకం చేసినప్పుడు ఇచ్చే బోనస్, గ్యారంటీ అని రాసిన భాగం. మిగతాది ఆటగాడు ఆ ఏడాది జట్టులో ఉంటేనే. జట్టులో ఉండాలా వద్దా అన్నది టీమ్ ఇష్టం. బీసన్ ఒప్పందంలో గ్యారంటీ 2.5 కోట్లన్నారు, అంటే సగం. ఆ రోజుల్లో అది మంచి బేరమే. కాంట్రాక్టు చివరి ఏళ్లలో పెద్ద అంకెలు వేయడం ఏజెంట్లకీ, టీమ్‌లకీ ఇద్దరికీ ఉపయోగమే. ఏజెంట్‌కి వార్తల్లో పేరు, టీమ్‌కి నచ్చనప్పుడు తెంచుకునే వీలు.

టీమ్‌ని ఆపేది ఒక్కటే, సాలరీ క్యాప్. ప్రతి టీమ్ ఏడాదికి ఆటగాళ్ల మీద పెట్టే ఖర్చుకి గీత ఉంటుంది, 2025లో అది 27.92 కోట్ల డాలర్లు. సంతకం బోనస్ ఒకేసారి చేతికిస్తారు కానీ, లెక్కల్లో దాన్ని కాంట్రాక్టు ఏళ్ల మీద పంచి రాస్తారు. ఆటగాణ్ణి మధ్యలో తీసేస్తే మిగిలిన వాటాలన్నీ వచ్చి నెత్తిన పడతాయి. లేని ఆటగాడి పేర క్యాప్ ఖర్చవుతుంది. కాబట్టి మొదటి రెండేళ్లు ఆటగాడికి రక్షణ ఎక్కువ, ఆ తర్వాత ఏడాదికేడాది తగ్గిపోతుంది. ముప్పై దాటిన లైన్‌బ్యాకర్లను మార్చి నెల రాగానే టీమ్‌లు వదిలించుకునేది ఈ లెక్క కుదిరినప్పుడే.

2023 జనవరిలో బాల్టిమోర్ రేవెన్స్‌తో రోక్వాన్ స్మిత్ చేసుకున్న ఒప్పందం ఈ నేపథ్యంలో చూడాలి. అయిదేళ్లకు 10 కోట్లు, అందులో 6 కోట్ల గ్యారంటీ. ఏజెంట్ లేకుండా తనే కూర్చుని మాట్లాడుకున్నాడు. ఆ అంకెల్లో నేను ముందు చూసేది ఆరునే, పదిని కాదు.

ఇంకో మెలిక కూడా ఉంది. కాంట్రాక్టు అయిపోయిన ఆటగాణ్ణి టీమ్ ఫ్రాంచైజ్ ట్యాగ్ వేసి ఇంకో ఏడాది ఆపుకోవచ్చు. ఆ ఏడాదికి ఇచ్చే జీతం ఆ స్థానంలో అగ్రశ్రేణి ఆటగాళ్ల జీతాలను బట్టి తేలుతుంది. లైన్‌బ్యాకర్ల ట్యాగ్ లెక్కలో మధ్యలో ఆడేవాళ్లనూ, టి.జె. వాట్ లాంటి ఉరికేవాళ్లనూ కలిపేస్తారు. దాంతో ట్యాగ్ ధర మధ్య లైన్‌బ్యాకర్ అసలు ధర కంటే బాగా ఎక్కువకి వెళ్తుంది, ఏ టీమూ వాళ్లకి ఆ ట్యాగ్ వేయడానికి ముందుకు రాదు. ఫలితంగా వాళ్లు మార్కెట్లోకి స్వేచ్ఛగా వస్తారు. ఈ స్థానానికి దక్కే కొద్ది లాభాల్లో ఇదొకటి, అదీ ఎవరూ ఉద్దేశించి ఇచ్చింది కాదు.

డేవిస్ మోకాలు

బీసన్ పక్కనే ఆడిన థామస్ డేవిస్ కథ ఏ లెక్కకీ అందదు. 2005లో 14వ స్థానంలో వచ్చాడు. 2009 నవంబర్‌లో కుడి మోకాలిలో ఏసీఎల్ అనే తాడు తెగింది. ఆపరేషన్, నెలల తరబడి మళ్లీ నడక నేర్చుకోవడం, తిరిగి ప్రాక్టీస్. 2010 జూన్‌లో అదే మోకాలు, అదే తాడు. మళ్లీ ఆపరేషన్, ఆ సీజన్ మొత్తం పోయింది. 2011లో తిరిగొచ్చి రెండు మ్యాచ్‌లు ఆడాడో లేదో, సెప్టెంబర్‌లో మూడోసారి. ఒకే మోకాలిలో మూడుసార్లు ఏసీఎల్ తెగాక తిరిగి ఆ స్థాయిలో ఆడినవాడు అంతకుముందు ఎవరూ లేరని అంటారు.

మోకాలిని అటూ ఇటూ జారకుండా పట్టుకునే తాడు ఏసీఎల్. పరిగెత్తుతూ చటుక్కున దిశ మార్చినప్పుడు భారం దాని మీదే పడుతుంది. లైన్‌బ్యాకర్ పనంతా దిశ మార్చడమే. ఒకసారి తెగి బాగుపడటానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది పడుతుంది, ఆ తర్వాత కూడా మొదటి అడుగులో ఉండే వేగం వెంటనే రాదు. మూడోసారి తెగాక టీమ్ అతన్ని వదిలేసినా ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. 2012లో తిరిగొచ్చి పదిహేను మ్యాచ్‌లు ఆడాడు. 2015 సీజన్‌కి, 32 ఏళ్ల వయసులో, మొట్టమొదటిసారి ప్రో బౌల్‌కి ఎంపికయ్యాడు. మూడు ఆపరేషన్ల ముందు ఒక్కసారి కూడా రాని గౌరవం అది.

అదే సీజన్‌లో సూపర్ బౌల్‌కి రెండు వారాల ముందు, సెమీఫైనల్లాంటి మ్యాచ్‌లో కుడి ముంజేయి విరిగింది. లోపల లోహపు పలక వేసి, మరలు బిగించి కుట్లు వేశారు. ఆ చేత్తోనే సూపర్ బౌల్ ఆడాడు. వాపు దిగని చేతి మీద పొడవాటి కుట్ల ఫోటో మ్యాచ్ తర్వాత అందరూ చూశారు. చాలామంది దాన్ని వీరత్వం అన్నారు. నాకు మాత్రం దాన్ని చూస్తే మెచ్చుకోవాలో భయపడాలో తెలియలేదు. 2018 దాకా పాంథర్స్‌కి, తర్వాత చార్జర్స్‌కి, వాషింగ్టన్‌కి ఆడి, 37 ఏళ్ల వయసులో ఆట మానేశాడు.

డేవిస్‌ని చూసి మనసుంటే మార్గం ఉంటుందని చెప్పడం తేలిక. అదే మైదానంలో, అదే డాక్టర్ల చేతిలో, అదే టీమ్ డబ్బుతో బాగుచేయించుకున్న బీసన్ మునుపటిలా ఆడలేకపోయాడు. అతనికి మనసు లేక కాదు. గాయం తగిలిన చోటు, శరీరం మానే తీరు, ఆ సమయంలో కాంట్రాక్టు ఏ ఏడాదిలో ఉందన్నది, ఇవన్నీ కలిసి నిర్ణయిస్తాయి.

తలకి ప్లేట్లు వేసి బిగించలేరు

మోకాలు తెగితే స్కానింగ్‌లో కనిపిస్తుంది. చెయ్యి విరిగితే ఎక్స్‌రేలో కనిపిస్తుంది. కంకషన్, అంటే తలకి దెబ్బ తగిలి మెదడు పనితీరు కాసేపు అస్తవ్యస్తమవడం, మామూలు స్కానింగ్‌లో కనిపించదు. మెదడు పుర్రె లోపల ద్రవంలో తేలుతూ ఉంటుంది. తల ఒక్కసారిగా ఆగినా, తిరిగినా లోపలిది వెనువెంటనే ఆగదు, సాగుతుంది, మెలిపడుతుంది. హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది. లోపలి ఈ కదలికను పూర్తిగా ఆపలేదు.

కీక్లీకి అందరికీ తెలిసేలా జరిగినవి మూడు. 2015 సీజన్ మొదటి మ్యాచ్‌లో తగిలిన దెబ్బకి మూడు మ్యాచ్‌లు పోయాయి. 2016 నవంబర్ 17 రాత్రి సెయింట్స్‌తో మ్యాచ్, నాలుగో క్వార్టర్. ఒక ట్యాకిల్ చేశాక లేవలేకపోయాడు. బండిలో ఎక్కించి తీసుకెళ్తుంటే వెక్కివెక్కి ఏడుస్తున్నాడు, ఊపిరి అందడం లేదు. ఆ స్థాయి ఆటగాణ్ణి అలా చూడటం టీవీ ముందున్నవాళ్లకి మింగుడు పడలేదు. మెదడుకి దెబ్బ తగిలినప్పుడు భావాల మీద అదుపు పోవడం తెలిసిన లక్షణమే, కానీ తెలిసినంత మాత్రాన చూడటం తేలికవదు. మిగిలిన ఆరు మ్యాచ్‌లకీ టీమ్ అతన్ని దించలేదు. 2017 అక్టోబర్‌లో ఈగిల్స్‌తో మ్యాచ్‌లో మూడోది. ఆ ఏడాది మెడకి పట్టీలాంటి పరికరం ఒకటి పెట్టుకుని ఆడాడు. మెడలోని రక్తనాళాలను కొద్దిగా నొక్కి తలలో రక్తం కాస్త ఎక్కువ నిలిచేలా చేసి, మెదడు కదలికను తగ్గించడం దాని ఉద్దేశం.

ఇక్కడ అందరూ పొరబడే విషయం ఒకటుంది. దీర్ఘకాలిక మెదడు జబ్బు సీటీఈకి కంకషన్ల లెక్క మాత్రమే కొలమానం కాదు. చెప్పుకోదగ్గ లక్షణాలేవీ లేని చిన్న దెబ్బలు ఏళ్ల తరబడి పోగవడం పెద్ద కారణమని పరిశోధనలు చెబుతున్నాయి. జూనియర్ సేయావ్ 20 సీజన్లు ఆడిన దిగ్గజ లైన్‌బ్యాకర్. అన్నేళ్లలో గాయాల జాబితాలో అతని పేరు పక్కన కంకషన్ అన్న మాటే రాలేదు. 2012 మే నెలలో, 43 ఏళ్లకి ఆత్మహత్య చేసుకున్నాడు. మరుసటి జనవరిలో అతని మెదడులో సీటీఈ ఉందని తేల్చారు. మనిషి బతికుండగా ఈ జబ్బును కచ్చితంగా నిర్ధారించే పద్ధతి లేదు. 2017లో బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు తమకు అందిన 111 మంది మాజీ ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్ల మెదళ్లను పరీక్షిస్తే 110లో సీటీఈ కనిపించింది. అయితే అనుమానం ఉన్న కుటుంబాలే ఎక్కువగా దానం చేస్తాయి కాబట్టి, ఆడినవాళ్లందరికీ ఇది వస్తుందని దీని అర్థం కాదు. ఎంతమందికి వస్తుందన్న ప్రశ్న అలాగే ఉంది, ఆటగాడు మాత్రం ఈలోగా తన నిర్ణయం తీసుకోవాలి.

లీగ్ ఏమీ చేయలేదని కాదు. 2013 నుంచి మైదానం పక్కన టీమ్‌తో సంబంధంలేని మెదడు నిపుణులను ఉంచుతున్నారు. 2018లో తల వంచి హెల్మెట్‌తో గుద్దడాన్ని తప్పుగా ప్రకటించారు. 2022లో ప్రీసీజన్ శిక్షణలో లైన్‌బ్యాకర్లు హెల్మెట్ మీద మెత్తటి గార్డియన్ క్యాప్ పెట్టుకోవాలన్న నియమం వచ్చింది. ఇవన్నీ పెద్ద దెబ్బలను తగ్గించే ఏర్పాట్లు. ప్రతి ప్లేలోనూ ఎదురెళ్లి ఢీకొట్టడం లైన్‌బ్యాకర్ ఉద్యోగ వివరణలోనే ఉంది. దాన్ని తీసేస్తే ఆ స్థానమే ఉండదు.

2015 మార్చిలో ఫోర్టీ నైనర్స్‌లో జరిగింది గుర్తుకొస్తుంది. ఎనిమిది సీజన్లు ఆడిన పాట్రిక్ విల్లిస్ పాదాలు సహకరించడం లేదని 30 ఏళ్లకి మానేశాడు. అతను గాయపడ్డప్పుడు ఆ చోటులో దిగి మెరిసిన కొత్త కుర్రాడు క్రిస్ బోర్లాండ్, వారం తిరక్కుండానే తనూ మానేశాడు. ఒక్కటే సీజన్ ఆడాడు, వయసు 24. తలకి తగిలే దెబ్బల గురించి చదివి, తెలుసుకుని తీసుకున్న నిర్ణయమని చెప్పాడు. నాలుగేళ్ల కాంట్రాక్టులో ఒక ఏడాదే ఆడాడు కాబట్టి సంతకం బోనస్‌లో నాలుగింట మూడొంతులు వెనక్కి ఇచ్చేశాడు. విల్లిస్ 2024లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎంపికయ్యాడు.

బోర్లాండ్‌కీ కీక్లీకీ మధ్య తేడా డబ్బు దగ్గర ఉంది. బోర్లాండ్ పెద్ద సంపాదన మొదలవకముందే వెళ్లాడు. కీక్లీ వెళ్లేనాటికి రెండో కాంట్రాక్టులో పెద్ద మొత్తాలు చేతికొచ్చేశాయి, గ్యారంటీలు తీరిపోయాయి. మిగిలిన రెండేళ్లు టీమ్ ఉంచుకుంటేనే వచ్చే డబ్బు. అదీ తక్కువేం కాదు. కానీ అప్పటికే అతన్ని నమ్మిన కోచ్ రాన్ రివెరాను, తనూ ఒకప్పటి లైన్‌బ్యాకరే, టీమ్ డిసెంబర్‌లో తీసేసింది. జట్టును మొదటినుంచి కట్టడం మొదలుపెట్టారు. ఇంకోవైపు అతని పనిముట్టు మోకాలు కాదు, తల. బరువు తగ్గి, వేగం తగ్గినా చదివి నెట్టుకురాగల ఆటగాడు అతను. చదవడానికి పనికొచ్చే ఆ ఒక్కదాన్నే ప్రతి ఆదివారం పణంగా పెట్టాలి. ఇది నా అంచనా మాత్రమే, అతను ఈ మాట ఇలా చెప్పలేదు. మానేశాక ఏడాదిపాటు పాంథర్స్‌కే స్కౌట్‌గా పనిచేశాడు, తర్వాత రేడియో వ్యాఖ్యానంలోకి వెళ్లాడు.

పేరు లేనివాళ్ల లెక్క

ఇంతసేపూ చెప్పుకున్నది పైనున్న వాళ్ల గురించి. ఒక్కో టీమ్‌లో 53 మంది ఉంటారు, వాళ్లలో లైన్‌బ్యాకర్లు అయిదారుగురికి పైనే. చివరి ఇద్దరు ముగ్గురు అసలు ప్లేలలో పెద్దగా కనిపించరు. కిక్ తీసినప్పుడు పరిగెత్తి అడ్డుకునే స్పెషల్ టీమ్స్ పనే వాళ్ల ఉద్యోగం. 2025లో కొత్తగా వచ్చిన ఆటగాడికి కనీస జీతం 8.4 లక్షల డాలర్లు. అది సీజన్‌లో వారాల లెక్కన దక్కుతుంది, మంగళవారం తీసేస్తే ఆ తర్వాతి వారాలది రాదు.

ఎన్‌ఎఫ్‌ఎల్ కెరీర్ సగటున 3.3 ఏళ్లని ఆటగాళ్ల సంఘం చాలాకాలంగా చెబుతోంది. మొదటి సీజన్‌లోనే జట్టులో చోటు దక్కించుకున్నవాళ్లను మాత్రమే తీసుకుంటే దాదాపు ఆరేళ్లని లీగ్ అంటుంది. రెండూ అబద్ధం కాదు. ఎవరిని లెక్కలోకి తీసుకున్నారన్నదే తేడా. ఆగస్టులో శిక్షణకి వచ్చి సెప్టెంబర్‌కి ఇంటికెళ్లిపోయేవాళ్లు మొదటి అంకెను కిందికి లాగుతారు.

పింఛను కూడా ఈ గీత దగ్గరే తేలుతుంది. పూర్తి అర్హతకి మూడు సీజన్లు లెక్కలోకి రావాలి. ఒక సీజన్ లెక్కలోకి రావాలంటే కనీసం మూడు మ్యాచ్‌ల కాలం జట్టులో గానీ, గాయపడ్డవాళ్ల జాబితాలో గానీ ఉండాలి. అందుకే రెండు సీజన్లు పూర్తిచేసి, మూడో ఏడాది ఏ టీమూ పిలవక ఇంట్లో కూర్చున్న లైన్‌బ్యాకర్ డిసెంబర్‌లో ఫోన్ మోగితే జీతం ఎంతని అడగడు. సీజన్‌లో ఇంకా ఎన్ని మ్యాచ్‌లు మిగిలాయని అడుగుతాడు.